తమ్ముడు పీల్చే గాలి

మా తమ్ముడి ఉద్యోగం నీళ్లలో మునగడం. జిల్లా రెస్క్యూ టీంలో డైవర్. చుట్టుపక్కల ఎవరు మునిగిపోయినా వీళ్లకి ఫోనొస్తుంది, వీడు సంచి భుజాన వేసుకుని బయల్దేరతాడు. వాడు నీళ్లలో ఉన్నంతసేపూ మా అమ్మ పొయ్యి ఆర్పేసి వంటింటి గడప మీద కూర్చుంటుంది. "పైకొచ్చేశానమ్మా" అని వాడు ఫోన్ చేశాకే మళ్లీ వెలిగిస్తుంది. ఈ లెక్కన మా ఇంట్లో ఎన్నిసార్లు పలుకు అన్నం తిన్నామో ఆ దేవుడికే తెలియాలి.

నేను గడప మీద కూర్చునే రకం కాదు. నాకు భయమేస్తే కోపం వస్తుంది, కోపమొస్తే చేతికి పని కావాలి. బిలాస్‌పూర్ వ్యాగన్ డిపోలో ఎయిర్ బ్రేకుల సెక్షన్‌లో టెక్నీషియన్‌ని. తాత శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు, నాన్న ఫిట్టర్‌గా చేశాడు, నాన్న పోయాక రైల్వే ఆ ఉద్యోగం నాకిచ్చింది. ఆడపిల్లవి, ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసుకోమన్నారు మొదట్లో. నాకు పానా ఇవ్వండి, ఫ్యాను కింద కుర్చీ వద్దు అన్నాను. అప్పట్నుంచి గాలితోనే నా కాపురం.

నీళ్లలో దిగేవాళ్ల వీపు మీద సిలిండర్ ఉంటుంది కదా, అందులో గాలిని కుక్కి కుక్కి నింపుతారు. మా బ్రేకు పైపుల్లో తిరిగే గాలి దాని ముందు పసిపాప. అంత ఒత్తిడిని నేరుగా నోట్లోకి వదిలితే మనిషి దక్కడు. అందుకే మధ్యలో రెగ్యులేటర్ ఉంటుంది. అది రెండు ముక్కలు. ఒకటి సిలిండర్ మూతి మీద బిగించేది, అది ఒత్తిడిని ఒక మెట్టు దించుతుంది. రెండోది పళ్లతో కరుచుకునేది, మనిషి ఊపిరి లాగినప్పుడు మాత్రమే, లాగినంత మాత్రమే గాలి ఇస్తుంది. రెండిటినీ కలుపుతూ ఒక రబ్బరు గొట్టం. ఊపిరి లాగనప్పుడు ఆ నోటి ముక్క నోరు మూసుకుని ఉండాలి. ఉండకపోతే, దిగినవాడు అడుగున ఉండగానే సిలిండర్ ఖాళీ అయిపోతుంది.

మా తమ్ముడు ఇంటికి తెచ్చింది నోరు మూసుకోని రెగ్యులేటర్.

"అప్పా, ఇది ఊరికే బుస్సుమంటోంది, దేఖో నా" అంటూ సంచి తెచ్చి హాల్లో పెట్టాడు. మా వైపు ఇళ్లల్లో అక్కని అప్ప అంటారు. హిందీ తినేయగా వాడి దగ్గర మిగిలిన తెలుగు మాటల్లో అదొకటి.

"బుస్సుమంటే ఇంట్లోకెందుకు తెచ్చావురా, పామేటి?" అంది అమ్మ వంటింట్లోంచి.

"మీ టీంకి రెండు సెట్లుండాలి కదా, రెండోదేదీ?" అన్నాను.

"సర్వీసుకి పంపారు కదప్పా. ఆ రహా హై అంటన్నారు. ఎప్పుడడిగినా ఆ రహా హై."

"నడిచొస్తందేట్రా?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఉన్న రెండిట్లో ఒకటి రాదు, ఇంకోటి కారుతోంది. రేపు ఫోనొస్తే నువ్వు ఏ గాలి పీలుస్తావురా అని అడిగాను. "క్యా కరేఁ అప్పా, ఇదే పట్టుకుని దిగుతాను. నహీఁ తో నడుముకి తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి" అన్నాడు. అంటే దిగడం మాత్రం ఖాయం. మా ఇంట్లో మొండితనం ఎవరికీ తక్కువ పంచలేదు. వాడు దిగక మానడు కాబట్టి, వాడు పీల్చే గాలి సంగతి నేను చూడక మానను అని అప్పుడే తేల్చుకున్నాను.

వాళ్ల ఇన్‌ఛార్జి కూడా "మీ దీదీ హవా లైన్‌లోనే ఉంది కదా, చూపించు" అన్నాడట. హవా అంతా ఒకటే అని ఆయన నమ్మకం. నేనూ అప్పటికి అలాగే అనుకునేదాన్ని.

డిపోలో మాకొక పద్ధతి ఉంది. గాలి కారుతోందంటే పైపుల కీళ్ల మీద సబ్బునీళ్లు పూస్తాం. బుడగ ఎక్కడ లేస్తే రోగం అక్కడే. అక్కడ పానా వేసి బిగిస్తాం, కాదంటే వాషర్ మారుస్తాం, బండి వెళ్లిపోతుంది. మా నాన్న చేసిందీ అదే, నాకు నేర్పినవాళ్లు చేసిందీ అదే. ఆ చేత్తోనే రెగ్యులేటర్ని సిలిండర్‌కి బిగించి, సబ్బు నురగ పూశాను. నోటి ముక్క దగ్గర బుడగ ఇంతై ఇంతింతై పేలింది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. గొట్టం విప్పి, లోపలున్న చిన్న మరని వీసమెత్తు బిగించాను. బుస ఆగిపోయింది. అమ్మ వచ్చి చెవి పెట్టి విని, "సచ్చిందా పాము?" అంది. చచ్చిందమ్మా అన్నాను, గొప్పగా.

వాడు ఈత కొలనులో దాంతో ప్రాక్టీసు చేసి వచ్చాడు. "బుస లేదు గానీ అప్పా, గాలి లాగడం భారీగా ఉంది. స్ట్రాతో చిక్కటి లస్సీ లాగినట్టుంది" అన్నాడు. కొత్తగా బిగించాం కదా, అలవాటైపోతుందిలే అన్నాను. కొద్దిరోజులకి మళ్లీ బుస. మళ్లీ వీసమెత్తు బిగించాను. మళ్లీ ఆగింది. అలా ఇంకోసారి. అప్పుడొకరోజు వాడు కొలను నుంచి వచ్చి, తల పగిలిపోతోందని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నీళ్లలో ఊపిరి కష్టపడి లాగీ లాగీ, లోపలి చెడుగాలి సరిగా వదలలేక వచ్చిన నొప్పి అది. ఆ ముక్క నాకు తెలీదు, తెలిసినవాళ్లని అడిగితే చెప్పారు. వాడి నుదుటి మీద చెయ్యి వేశాను. భయం. ఆ వెంటనే కోపం, ఎవరి మీదో తెలీని కోపం.

వైజాగ్‌కి ఫోన్ చేశాను. అక్కడ అమ్మకి వరసకి తమ్ముడయ్యే మావయ్య ఒకాయన ఉన్నాడు. ఏళ్ల తరబడి హార్బర్‌లో ఓడల అడుగున పనిచేసిన డైవర్. ఇప్పుడు దిగడం మానేసి, బీచ్‌లో టూరిస్టుల్ని సముద్రంలోకి దింపేవాళ్ల సెట్లు సర్వీసు చేస్తున్నాడు. ఆ పని పద్ధతిగా నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకున్న మనిషి. నోటి దురుసు మాత్రం ఏ సర్టిఫికెట్టూ లేకుండానే వచ్చింది, అది మా వంశంలోనే ఉంది.

"కారితే ఏటి సేసేవు?" అన్నాడు.

"నోటి ముక్క దగ్గర బిగించాను మావయ్యా."

"మళ్లీ కారితే?"

"మళ్లీ బిగించాను."

"ఓలమ్మో! అత్త మీది కోపం దుత్త మీద సూపించీసేవు కదే. ముక్కు కారతందని ముక్కు నొక్కీసేవా? జలుబెక్కడుందో సూడొద్దేటి?"

నాకు ఒళ్లు మండింది. కానీ చెవి ఫోనుకి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను. ఆయన చెప్పింది ఇది. నోటి ముక్క పాపం అమాయకురాలు. సిలిండర్ మూతి మీదున్న మొదటి ముక్క ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకి సుమారు పది కేజీలకి దించి, అక్కడ ఆపేయాలి. దాని లోపల గాలికి అడ్డుపడే చిన్న బిళ్ల ఉంటుంది, సీటంటారు, అది అరిగిపోతే ఆపలేదు. గొట్టంలో ఒత్తిడి మెల్లగా పెరుగుతూ పోతుంది. అప్పుడు నోటి ముక్క తనే తలుపు తెరిచి ఎక్కువైన గాలిని బయటికి వదిలేస్తుంది, గొట్టం పేలకుండా. బుస వచ్చేది అక్కడ, దొంగ ఉన్నది ఇక్కడ. బండి కింద పనికొచ్చిన నా సబ్బునీళ్లు నాకు అమాయకురాల్నే పట్టిచ్చాయి. నేను దాని నోరు కుట్టేశాను, దాంతో పాటు తమ్ముడి ఊపిరినీ సగం కుట్టేశాను.

"ఆ సెట్టు నాకు పంపీయ్. ఫోన్లో సెప్పీ పని కాదిది."

"పంపిస్తే వాడు తాడు కట్టుకుని దిగుతాడు మావయ్యా. వాడి సంగతి నీకు తెలీదు."

ఆయన "మీ అమ్మ సిన్నప్పుడూ ఇలాగే, పట్టిందే పట్టు" అని గొణుక్కుని, "సరే, ముందు గేజీ కట్టి సూడు. సూది అబద్ధమాడదు" అన్నాడు.

గోల్ బజార్‌లో ఒత్తిడి కొలిచే గేజీ ఒకటి కొన్నాను. దాన్ని గొట్టానికి తగిలించే ముక్క దొరకలేదు. సర్కండాలో ఒక లేత్ షాపతను చేసి ఇచ్చాడు. ఇంట్లో సిలిండర్ తెరిచి చూస్తే, సూది పది దగ్గరకి వచ్చి ఆగింది. ఆగినట్టే ఆగి, మళ్లీ పైకి పాకడం మొదలెట్టింది. పదకొండు దాటింది, పన్నెండు దాటింది, అప్పుడు నోటి ముక్క బుస్సుమంది. ఇన్నాళ్లూ నా కళ్ల ముందు జరుగుతున్నదే. చూసే కన్ను లేదంతే.

మావయ్య రబ్బరు రింగులు, కొత్త సీటు, దానికి పూసే గ్రీజు కట్టి, వైజాగ్ నుంచి వచ్చే మా పక్క క్వార్టర్ పిన్ని చేతికిచ్చి పంపాడు. రైల్వే వాళ్లకి కొరియర్లెందుకు, బండి నిండా చుట్టాలే. "మీ డిపో గ్రీజు దీని దరికి రానీకు. నూనె గ్రీజూ ఈ గాలీ కలిస్తే అంటుకుంటాది" అని మూడుసార్లు చెప్పి, నా చేత మూడుసార్లు అనిపించుకున్నాడు. పొట్లం వచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఇంటికొచ్చి చూస్తే రింగులు లేవు. అమ్మని అడిగితే, "కొత్త రబ్బరు కదా, కుక్కర్ గాస్కెట్టుకి సేసినట్టు ఫ్రీజర్లో పెట్టీసేను, బిగువుగా ఉంటాయని" అంది. మావయ్యకి చెప్తే పావుగంట నవ్వాడు. నవ్వి, ఏం ఫరవాలేదు, బయట పెట్టి చల్లదనం పోయాక వాడమన్నాడు.

నాన్న పాత పంచె ఉతికి, హాల్లో నేల మీద పరిచాను. ఫోన్ని కుర్చీకి ఆనించి, వీడియోలో మావయ్యని కూర్చోబెట్టాను. మొదటి ముక్క విప్పుతుంటే ముందు చిన్న జల్లెడ లాంటి ఫిల్టర్ బయటపడింది. కొత్తప్పుడు మెరుస్తుందట, ఇది ఇటుకరంగులో ఉంది. "సిలిండర్ లోపల తుప్పు" అన్నాడు మావయ్య. తమ్ముణ్ని పిలిచి చూపించాను. ఆ సిలిండర్‌ని మళ్లీ ముట్టుకుంటే కాళ్లు విరగ్గొడతానన్నాను. వాడు పోయి ఇన్‌ఛార్జితో పోట్లాడి దాన్ని పక్కన పెట్టించాడు. కొత్తది వచ్చింది, అది మాత్రం నడవకుండానే వచ్చింది.

పాత సీటు అర్ధణా బిళ్లంత కూడా లేదు. దాని మీద గుండ్రంగా ఒక గాడి పడింది, ఒకచోట మాత్రం తెగినట్టుంది. ఆ తెగిన చోటే గాలి జారుతోందన్నమాట. ఇంత ముక్క మీద మనిషి ప్రాణం నిలబడుతుందా అని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాను. రింగులన్నీ మార్చాను, గ్రీజు కంటికి కనబడీ కనబడనట్టు పూశాను, కొత్త సీటు పెట్టాను. నోటి ముక్కలో నేను బిగించిన మరని ఆయన చెప్పిన కొలతకి వదులు చేశాను. గేజీ కట్టాను. సూది పది దగ్గర నిలబడింది. నేను స్నానం చేసి, అన్నం తిని వచ్చి చూసినా పది దగ్గరే ఉంది.

నేను గంతులేయబోయాను. మావయ్య వెయ్యనివ్వలేదు. "బిగించీముందు ఆ సీటు ఆనుకునే ఇత్తడి అంచు మీద నువ్వు టార్చి వేసినప్పుడు నాకొక గీత కనబడింది. తుప్పు రవ్వేదో గీసింది. సన్న గీతే. కొత్త సీటు దాని మీద కూర్చుంటాది గానీ, ఎన్నాళ్లు కూర్చుంటాదో నేను సెప్పలేను. ఆ ముక్క మొత్తం మార్చాలి, నేను తెప్పిస్తాను. అందాకా దిగే ప్రతిసారీ ముందు సూది సూడు. కదిలితే దించకు. అంతే."

నేను ఆ మాట ఇంట్లో చట్టం చేశాను. గేజీ నా సంచిలోనే ఉంటుంది, నేను చూడకుండా ఆ సెట్టు నీళ్లు ముట్టకూడదు. "ప్రతిసారీ నువ్వు వస్తే సబ్ హసేంగే అప్పా" అన్నాడు తమ్ముడు. నవ్వనీ, నవ్వితే పళ్లు కనబడతాయి, ప్రాణం పోదు అన్నాను. నవ్వారు కూడా. నేను డ్యూటీకి ముందు కొలను దగ్గరికి పోయి, సూది చూసి, తల ఊపేదాన్ని. వాడు దిగేవాడు. సూది నిలబడుతూనే ఉంది. గాలి వెన్నలా వస్తోందప్పా అనేవాడు. ఆ మాట వింటే నాకు జీతం పెరిగినంత సంతోషం.

ఫోన్ వచ్చిన రోజు నాకు రెస్టు. రతన్‌పూర్ అవతల ఒక పాత రాతి గని గుంట ఉంది. రాయి తీయడం ఎప్పుడో మానేశారు, వానలకి నిండి నల్లటి నీళ్లతో ఉంటుంది. దాన్ని అక్కడ ఖదాన్ అంటారు. మేస్త్రీ పని చేసే ఒక కుర్రాడు ముందురోజు సాయంత్రం స్నానానికి దిగి మళ్లీ కనబడలేదు. తమ్ముడి టీం జీపులో నేనూ ఎక్కాను. ఎవరూ ఏమీ అనలేదు, అప్పటికి వాళ్లకి నేను అలవాటైపోయాను.

ఖదాన్ ఒడ్డు నిండా జనం. ఒక పక్క రాతి మీద ఆ కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఉత్త పెదాలు కదుపుతోంది. టీంని చూడగానే లేచి వచ్చి మా తమ్ముడి కాళ్ల మీద పడింది. తన బిడ్డని తెచ్చి ఇమ్మంది. ఇంకేమీ అడగనంది. వాడు ఆమెని లేపి, తెస్తానమ్మా అని మాట ఇచ్చాడు. బతికున్నవాణ్ని తెమ్మని ఆమె అడగడం లేదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు.

గేజీ కట్టాను. సిలిండర్ మెల్లగా తెరిచాను. సూది పది దగ్గర ఆగింది. నాలుగుసార్లు నోటి ముక్క మీది మీట నొక్కి గాలి వదిలాను, మళ్లీ పది దగ్గరే ఆగింది. తమ్ముడు కాళ్లకి ఈత ఫిన్నులు తొడుక్కుంటున్నాడు. అప్పుడు సూది వెంట్రుకవాసి పైకి జరిగింది. కళ్లజోడు చీర కొంగుతో తుడుచుకుని చూశాను. ఇంకొంచెం జరిగింది. పదకొండు. ఆ గీత కొత్త సీటుని కోసేసింది. ఇంకాసేపటికి నోటి ముక్క సన్నగా బుస్సుమంది.

"దిగడం లేదు" అన్నాను.

ఇన్‌ఛార్జి వచ్చాడు. "అరే దీదీ, థోడీ సీ హవా నికల్తీ హై తో క్యా? పది నిమిషాల పని."

"పది నిమిషాలో ఎంతో నీళ్లకి తెలుస్తుంది సార్, మీకూ నాకూ తెలీదు."

"అప్పా, గాలి ఆగిపోదు కదా, ఎక్కువొస్తుంది, అంతే కదా" అన్నాడు తమ్ముడు హిందీలో, అందరికీ వినబడేలా.

"ఎక్కువ వచ్చి వచ్చి అయిపోతుందిరా. లోపల రాళ్ల సందులో ఆ కుర్రాడు ఎక్కడ చిక్కుకున్నాడో తెలీదు. చీకట్లో తడుముకునే వేళకి నీ సిలిండర్ ఖాళీ అయితే, రేపు నిన్నెవరు వెతకాలి?"

జనంలోంచి అరుపులు మొదలయ్యాయి. సామాను లేనివాళ్లు ఎందుకొచ్చారన్నారు. ఈవిడెవరు మధ్యలో అన్నారు. తమ్ముడు చెయ్యి చాపి, సెట్టు ఇవ్వు అన్నాడు. ఆ కళ్లు చూశాను. ఇస్తే దిగుతాడు. మా డిపోలో పాడైన వ్యాగన్‌కి సుద్దముక్కతో సిక్ అని రాస్తాం. రాశాక ఎంత పెద్ద ఆఫీసరైనా దాన్ని బండికి తగిలించలేడు. ఇక్కడ సుద్దముక్క రాతని ఎవరు వింటారు? సిలిండర్ కట్టేసి, సెట్టు పీకి, సంచిలోంచి పానాలు తీసి, అందరూ చూస్తుండగానే మొదటి ముక్క విప్పేశాను. సీటు తీసి పిడికిట్లో పెట్టుకున్నాను.

"యే సర్కారీ సామాన్ హై!" అని కేకేశాడు ఇన్‌ఛార్జి.

"సామాను సర్కారుదే. తమ్ముడు నా వాడు" అన్నాను.

ఆయన నా మొహం చూసి, పక్కకి పోయి రాయ్‌పూర్‌కి ఫోన్ చేశాడు. అక్కణ్నుంచి ఇంకో టీం మంచి సెట్లతో వచ్చేసరికి సాయంత్రమవుతుందని చెప్పాడు. తమ్ముడు నా వైపు చూడలేదు. "ఆమెకి మాటిచ్చాను. ఇప్పుడేం చెప్పమంటావు?" అన్నాడు నేలకేసి చూస్తూ.

"నేను చెప్తాను."

అన్నంత తేలిక కాదు. ఆమె మళ్లీ వెళ్లి కూర్చున్న ఆ రాతి వరకూ నడిచాను. ఆమె పక్కన కూర్చుని పిడికిలి విప్పి సీటు చూపించాను. గాలి ఇచ్చే యంత్రం పాడైంది, వేరేది వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అందాకా నీ బిడ్డ నీళ్లలోనే ఉంటాడు అని ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. ఆమె సీటు వైపు చూడలేదు, నా మొహం వైపే చూసింది.

అంతలో వెనక కలకలం. తమ్ముడు నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. సెట్టు లేకుండా, ఊపిరి బిగబట్టి ఒకసారి చూసొస్తానంటున్నాడు. నేను లేచి పరిగెత్తాను. యంత్రాన్ని విప్పగలను గానీ వాణ్నెలా విప్పను? "ఒరేయ్, వద్దురా" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది, అచ్చం అమ్మ గొంతులా. వాడు వినలేదు.

ఆ తల్లి నా వెనకే వచ్చింది. "తోర్ భాయీ హే కా, నోనీ?" అని అడిగింది నన్ను. నీ తమ్ముడా తల్లీ అని. అవునన్నాను. ఆమె పోయి వాడి నడుముకున్న తాడు రెండు చేతులతో పట్టుకుంది. "ఝన్ ఉతర్ బాబూ" అంది. దిగకు అని. పొద్దున ఆ కాళ్ల మీదే పడింది ఆమె.

వాడు మెల్లగా విడిపించుకోబోయాడు. ఆమె వదల్లేదు. వాడు ఒడ్డున కూలబడితే ఆమె కూడా కూర్చుంది, తాడు మాత్రం చేతికి చుట్టుకుని. నేను ఆమెకి ఇటుపక్క కూర్చున్నాను. ఎవరో టీ తెస్తే ముగ్గురం తాగలేకపోయాం. నీళ్ల మీద ఎండ జరుగుతూ పోయింది. ఆమె అప్పుడప్పుడు నీళ్లకేసి చూసేది, చూసినప్పుడల్లా తాడు ఇంకో చుట్టు చుట్టుకునేది.

పొద్దు వాలే ముందు రాయ్‌పూర్ టీం వచ్చింది. వాళ్ల సెట్లకీ గేజీ కట్టాను. ఒకతను మూతి విరిచాడు, విరిస్తే విరవనీ అని రెండిటినీ చూశాను. సూదులు పది దగ్గర నిలబడ్డాయి, రాతిలో పాతినట్టు కదల్లేదు. నేను తల ఊపాక ఆమె తాడు వదిలింది. ఖదాన్ లోతు తెలిసినవాడు కాబట్టి తమ్ముడు వాళ్లలో ఒకతనితో కలిసి దిగాడు. నీళ్ల మీద బుడగలు వస్తుంటే నేను ఆ బుడగలనే చూస్తూ కూర్చున్నాను. అవి వస్తున్నంతసేపూ వాడున్నట్టు. ఆమె కూడా అటే చూస్తోంది. తన కొడుకుని చూడటానికేనని అనుకున్నాను.

ఇద్దరూ ఆ కుర్రాణ్ని పైకి తెచ్చారు. ఒడ్డున పడుకోబెట్టి గుడ్డ కప్పారు. జనం దారి ఇచ్చారు. ఆమె లేచి నడిచింది, పడిపోతుందేమోనని నేను వెంటే ఉన్నాను. కొడుకు దగ్గరికి వెళ్లేముందు మా తమ్ముడి దగ్గర ఆగింది. మోకాళ్ల మీద కూర్చుని రొప్పుతున్న వాడి నోట్లోంచి ఆ నోటి ముక్కని తనే తీసింది. కొంగుతో మొహం తుడిచింది. ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి తగులుతోందో లేదో చూసింది. తగిలాకే కొడుకు వైపు తిరిగింది.